ముందు ఆమెకు చెప్పండి

రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత మనసు కుదుటపడేది దేనివల్ల? 1990లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చెప్పిన జవాబు జగిత్యాల జిల్లాకు ఇవాళ్టికీ అవసరమే

బీర్పూర్ గోదావరి పక్కనున్న మండలం. జగిత్యాల నుంచి హైదరాబాద్‌కు సుమారు 200 కిలోమీటర్లయితే, ఇక్కడి నుంచి ఇంకాస్త ఎక్కువ. రొమ్ములో గడ్డతో అంత దూరం పోయే మహిళ వెంట కొడుకో, తమ్ముడో, మరిదో ఉంటాడు. పరీక్షల కాగితాలు అతని చేతిలోనే ఉంటాయి. డాక్టరు అతణ్ని పక్కకు పిలిచి మాట్లాడతాడు. అతను బయటికొచ్చి, గల్ఫ్‌లో ఉన్న ఆమె భర్తకు ఫోన్ చేస్తాడు. ఏం చెయ్యాలో ఆ ఫోన్లోనే తేలిపోతుంది. ఆమెకు మాత్రం ‘ఏం గాదు, చిన్న గడ్డ, తీసేస్తరు’ అని చెబుతారు.

ప్రేమ లేక అలా చేస్తారని కాదు. చెబితే తట్టుకోలేదేమోనని భయం. కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ ఇదే మాట వినిపిస్తుంది. కానీ కీమో వార్డులో కూర్చున్న మనిషికి చుట్టూ ఏం జరుగుతోందో తెలియకుండా ఉంటుందా? పక్క మంచం మీది ఆమెకు జుట్టు రాలిపోతోంది. తన జుట్టూ దువ్వెనకొస్తోంది. తనొచ్చేసరికి ఇంట్లోవాళ్లు మాట మార్చేస్తున్నారు. ఆమెకు తెలిసిపోతుంది. కాకపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

అక్టోబరు రొమ్ము కేన్సర్ అవగాహన మాసం. దాని మీద కథనం రాయాలనగానే కొత్త మందులు, కొత్త యంత్రాల సమాచారం కుప్పలుగా దొరుకుతుంది. ఆ కుప్పలో అన్నిటికన్నా ప్రాణమున్నట్టు కనిపించింది మాత్రం 1990 సెప్టెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆరు పేజీల పత్రం. రాసినవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త లెస్లీ ఫాలోఫీల్డ్, మనోవైద్యుడు పీటర్ మగ్వైర్, సర్జన్ మైకేల్ బామ్ ఉన్నారు.

అప్పటికి సర్జన్లలో ఒక నమ్మకం బలంగా ఉండేది. రొమ్ము మొత్తం తీసేస్తే ఆడమనిషి కుంగిపోతుంది, గడ్డ వరకే తీస్తే మనసు నిలబడుతుంది అని. వినడానికి సబబుగానే ఉంటుంది. నిజమో కాదో చూద్దామని వీళ్లు ఇంగ్లండ్‌లో 22 మంది సర్జన్ల దగ్గర వైద్యం పొందిన 269 మంది మహిళలను ఏడాది పాటు గమనించారు. సర్జన్లను మూడు రకాలుగా విడదీశారు. రొమ్ము తీసెయ్యడమే మేలనేవాళ్లు, నిలపాలనేవాళ్లు, రెండు దారులూ చెప్పి ‘నీకేది ఇష్టం?’ అని అడిగేవాళ్లు.

ఆందోళన, కుంగుబాటు అన్ని గుంపుల్లోనూ ఎక్కువే. రొమ్ము తీసేసినవారికీ నిలుపుకొన్నవారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రధానంగా దేనికి భయపడ్డారని అడిగితే, 244 మందిలో 159 మంది కేన్సర్‌కే అన్నారు. రొమ్ము పోతుందన్న బెంగ వారికి ఆ తర్వాతిదే. ఇష్టం అడిగే సర్జన్ల దగ్గర చూపించుకున్నవారిలో కుంగుబాటు కొంత తక్కువగా కనిపించింది. గణాంకాల లెక్కలో ఆ తేడా అంచు మీదే నిలిచింది కాబట్టి దాన్ని పెద్దది చేసి చెప్పకూడదు.

అసలు విశేషం దాని తర్వాతి వాక్యంలో ఉంది. ఇష్టం అడిగే సర్జన్ల దగ్గరికి వచ్చిన 118 మందిలోనూ అందరికీ ఎంచుకునే వీలు లేదు. గడ్డ పరిమాణమో, ఉన్న చోటో, మరో వైద్య కారణమో అడ్డొచ్చింది. నిజంగా ఎంచుకోగలిగింది 62 మంది. వారిలో 43 మంది రొమ్ము నిలుపుకొనే ఆపరేషన్ కోరుకుంటే, 19 మంది తీసెయ్యమనే అన్నారు. మరి ఎంచుకోలేకపోయిన మిగతావాళ్ల మనసు ఎలా ఉంది? ఎంచుకున్నవారికీ వీరికీ తేడా లేదు.

ఎంచుకునే అవకాశమే మేలు చేసిందనుకుంటే ఈ ఫలితం అర్థం కాదు. ‘నీ విషయంలో ఇది తప్ప వేరే దారి లేదమ్మా, ఎందుకంటే...’ అని చెప్పే డాక్టరు కూడా ఆమెతోనే మాట్లాడాడు, కారణం ఆమెకే చెప్పాడు. మేలు జరిగింది అక్కడేనని ఈ కథనం నమ్ముతోంది. ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో తేలిన సంగతిని యథాతథంగా కరీంనగర్‌కో జగిత్యాలకో అతికించలేం, నిజమే. అయినా కుర్చీ ఆమె వైపు తిప్పి పది నిమిషాలు మాట్లాడటానికి ఏ దేశంలోనైనా కొత్త యంత్రం అక్కర్లేదు.

ఈ పత్రం దాకా వచ్చిన దారిని గబగబా చెప్పుకుంటే: 19వ శతాబ్దం చివర్లో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసే పద్ధతిని నిలబెట్టాడు. దాదాపు ముప్పావు శతాబ్దం అదే నడిచింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసీ చేసిన పరీక్షలు 1980ల్లో దాన్ని కదిలించాయి. తొలి దశలో గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినా ప్రాణానికి అంతే భరోసా ఉంటుందని తేలింది. అంతకుముందే 1978లో మగ్వైర్ బృందం, రొమ్ము తీసేసిన మహిళల్లో ఏడాదిలోపు నలుగురిలో ఒకరికి మానసిక చికిత్స అవసరమవుతోందని చూపింది.

మన దగ్గర రొమ్ము కేన్సర్ మాటను వేదికల మీదికి తెచ్చినవారిలో హైదరాబాద్ సర్జన్ డాక్టర్ పి. రఘురామ్ ముందుంటారు. ఆయన తల్లి డాక్టర్ ఉషాలక్ష్మి స్వయంగా గైనకాలజిస్టు. 2002లో ఆమెకు రొమ్ము కేన్సర్ అని తేలేనాటికి కొడుకు బ్రిటన్‌లో ఉన్నారు. 2007లో తిరిగొచ్చి ఆమె పేరుతోనే ఫౌండేషన్‌నూ, కిమ్స్ ఆస్పత్రిలో రొమ్ము వ్యాధుల కేంద్రాన్నీ మొదలుపెట్టారు. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో సుమారు రెండు లక్షల మంది మహిళలకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత రొమ్ము పరీక్షలు చేయించారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. డాక్టరైన తల్లికే వచ్చిన జబ్బు గురించి అందరి ముందూ మాట్లాడటం చిన్న విషయం కాదు. దాచుకోవడమే మర్యాద అనుకునే చోట అలాంటి మాట బిగిసిన నోళ్లను కదిలిస్తుంది.

చెయ్యి పని చేస్తేనే బతుకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలు వేలల్లో ఉన్నారు. ఒళ్లో చాట. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కొన ముడవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. మోచేతులు, వేళ్లు పొద్దంతా ఆగవు.

చంకలోని గ్రంథులు తీసేశాక కొందరికి ఆ పక్క చెయ్యి వాస్తుంది. వేళ్లు బిగుసుకుంటాయి, గాజులు పట్టవు, భుజం పైకి లేవదు. పుస్తకాల్లో ఇది చికిత్స తర్వాతి ఇబ్బందుల జాబితాలో ఒక వరుస. బీడీల మీద బతికే ఇంట్లో ఆ వాపుతో వారం కూలి పడిపోతుంది. ‘ఇగ నేను దేనికీ పనికి రాను’ అన్న దిగులు అక్కడే మొదలవుతుంది. గోడకెదురుగా నిలబడి వేళ్లను మెల్లమెల్లగా పైకి పాకించడం వంటి వ్యాయామాలు ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పిన రోజు నుంచి చేయాలి. వాపు మొదట్లోనే చూపించుకుంటే అదుపులో ఉంటుంది. ఆమె పనేమిటో సర్జన్ ఆపరేషన్‌కు ముందే అడగాలి. గ్రంథులన్నీ తీయకుండా మొదటి ఒకటి రెండు మాత్రమే పరీక్షించే పద్ధతి కొందరికి కుదురుతుంది. అది తనకు కుదురుతుందా అని అడిగే హక్కు ఆమెకుంది.

చేతి వేళ్లతో చేసిన పరీక్ష

ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో 1,51,538 మంది మహిళలున్నారు. సర్జన్ ఇంద్రనీల్ మిత్రా ముందుండి రాసిన ఫలితాలు 2021లో వచ్చాయి. శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన గుంపులో జబ్బు ముందే దొరికింది. 50 ఏళ్లు, ఆ పైబడిన వారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో అంత మేలు కనిపించలేదు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 1,92,000 కొత్త కేసులు, 98 వేల మరణాలు.

భీమవరం బిడ్డ మందు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1976లో ఇటలీ వైద్యుడు జియాన్నీ బొనడోనా, ఆపరేషన్ తర్వాత ఇచ్చే మూడు మందుల కలయికతో రొమ్ము కేన్సర్ తిరగబెట్టడం తగ్గుతోందని చూపాడు. ఆ మూడింటిలో ఇదొకటి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. రొమ్ములో నొప్పి లేని గడ్డ, చర్మం గుంట పడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, వీటిలో ఏది కనిపించినా అమ్మనో అక్కనో వెంటనే దవాఖానకు తీసుకుపోండి. జబ్బని తేలితే డాక్టరు గదిలో ఆమెను కూర్చోబెట్టండి, మీరు పక్కన నిలబడండి. ఫైలు ఆమె చేతికివ్వండి. గల్ఫ్‌లో ఉన్న భర్తకు ఫోన్ ఆమే చేయాలి. ఎంత తెలుసుకోవాలనుకుంటుందో ఆమెనే అడగండి. వద్దంటే ఆ మాటకూ విలువివ్వండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, కేన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. నిద్ర పట్టకపోయినా, దిగులు తగ్గకపోయినా టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టనక్కర్లేదు.