గాజుతొట్టిలో కడలి

పాఠ్యభాగ ఉద్దేశం
ప్రకృతిలోని జీవరాశులన్నీ పరస్పరం ఆధారపడి జీవిస్తున్నాయి. ఈ సత్యాన్ని ఇంటిలోని ఒక చిన్న ఉప్పునీటి అక్వేరియం ద్వారా వివరించడం, ఓర్పు, మితం అనే గుణాల విలువను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

సముద్రతీరంలో నిలిచి అలలను చూసినవారికి ఆ నీటి అడుగున ఏముందో చూడాలనే కోరిక కలగడం సహజం. ఆ కోరికే కొందరిచేత ఇంటిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టిస్తుంది. రంగురంగుల చేపలను ఉత్సాహంతో కొని తెచ్చిన వారిలో పలువురు కొద్ది వారాలలోనే వాటిని పోగొట్టుకొని, ఇది ధనవంతులకూ నిపుణులకూ తప్ప సామాన్యులకు సాధ్యం కాదని నిరాశ చెందుతారు. ఆ అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. ప్రకృతి చేసే పనిని ప్రకృతికి వదిలివేసి, మనం చేయవలసినది మాత్రమే సక్రమంగా చేస్తే ఉప్పునీటి అక్వేరియం నిర్వహణ కష్టమైన పని కాదు.

ఈ విద్యకు పునాది వేసినవారిలో లండన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒకరు. ఆయన ఒక తొట్టిలో మంచినీరు నింపి, అందులో బంగారు చేపలను, నీటిమొక్కను ఉంచాడు. కొంతకాలానికి మొక్క ఆకులు కుళ్లి నీరు చెడిపోసాగింది. అప్పుడు ఆయన కొన్ని నత్తలను అందులో విడిచాడు. నత్తలు కుళ్లిన ఆకులను తిన్నాయి. మొక్క చేపలకు ప్రాణవాయువు ఇచ్చింది. చేపల విసర్జకాలు మొక్కకు ఎరువైనాయి. ఈ పరిశీలనను ఆయన 1850లో ప్రకటించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం మొదటి అక్వేరియం వెలసింది. ఆ కృషిలో పాలుపంచుకొన్న ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి సంవత్సరం ప్రచురించిన గ్రంథంతో 'అక్వేరియం' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. ఒక శతాబ్దం తరువాత, 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవంతో నిండిన సముద్రపు రాళ్లు, గాలిబుడగలు తప్ప వేరే యంత్రాలు లేకుండానే సముద్రజీవులను పెంచవచ్చునని వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఈ అనుభవాలన్నీ బోధించేది ఒక్కటే. తొట్టిని నడిపేది యంత్రం కాదు, అందులోని జీవుల మధ్య ఏర్పడే సమతౌల్యం.

మంచినీటి చేపల కంటే సముద్రపు చేపలను పెంచడం కష్టమనడానికి కారణమేమిటి? సముద్రం అతి విశాలమైనది. దాని లవణీయత, ఉష్ణోగ్రత ఒక్క రోజులో అంతగా మారవు. లక్షల సంవత్సరాలుగా అటువంటి నిలకడకు అలవాటుపడిన జీవులు ఆకస్మిక మార్పులను తట్టుకోలేవు. అంతేకాక సముద్రపు చేప శరీరంలోని ద్రవాల కంటే చుట్టూ ఉన్న నీరు ఎక్కువ ఉప్పగా ఉంటుంది. అందువల్ల ద్రవాభిసరణం వలన దాని శరీరం నుంచి నీరు ఎప్పుడూ వెలుపలికి పోతూనే ఉంటుంది. చుట్టూ నీరున్నా దాహంతో బ్రతికే ప్రాణి అది! ఆ లోటును తీర్చుకోవడానికి అది సముద్రపు నీటినే తాగి, అధికంగా ఉన్న లవణాలను మొప్పల ద్వారా విసర్జిస్తుంది. నీటిలో ఉప్పు శాతం ఒక్కసారిగా మారితే ఈ ఏర్పాటు దెబ్బతిని, చేపకు ప్రాణాపాయం కలుగుతుంది.

చిన్న తొట్టి చౌక, సులభం అని చాలామంది భావిస్తారు. నిజానికి నీరు ఎంత తక్కువైతే మార్పులు అంత వేగంగా వస్తాయి. కాబట్టి తొలిసారి ప్రయత్నించేవారికి వంద నుంచి నూటయాభై లీటర్ల తొట్టి అనువైనది. వంద లీటర్ల నీరే వంద కిలోల బరువు ఉంటుంది. రాళ్లు, ఇసుక, గాజు బరువు దీనికి అదనం. ఇంతటి భారాన్ని మోయగల గట్టి బల్లపై, సమతలంగా, ఎండ నేరుగా పడని చోట తొట్టిని అమర్చాలి.

తొట్టిలో సన్నని రంధ్రాలు గల రాళ్లను పేర్చాలి. వీటిని అలంకారం కోసం మాత్రమే ఉంచుతారనుకోవడం పొరపాటు. చేపల విసర్జకాల నుంచి, మిగిలిపోయిన ఆహారం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్ల రంధ్రాలలో స్థిరపడిన ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా హానికరమే. మరొక రకం బాక్టీరియా దానిని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. మిగిలిన నైట్రేటులో కొంత భాగాన్ని శైవలాలు పీల్చుకుంటాయి, కొంత మనం నీరు మార్చినపుడు పోతుంది. దీనినే నత్రజని వలయం అంటారు. కంటికి కనిపించని ఈ సూక్ష్మజీవులే అక్వేరియానికి అసలైన సేవకులు. జీతం లేకుండా, విరామం లేకుండా ఇవి పనిచేస్తాయి. కానీ ఇవి ఒక్కరోజులో పుట్టవు. చాలినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇక నీటి సంగతి. విశాఖపట్నం వంటి తీర నగరాలలో ఉన్నవారికి సముద్రం నుంచి నీరు తెచ్చుకోవడం తేలికగా తోచవచ్చు. అయితే నగరాల ఒడ్డున ఉండే నీటిలో మురుగు, నూనెలు కలిసే అవకాశం ఉంది. శుద్ధి చేసిన నీటిలో అక్వేరియం కోసం తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్ని కలుపుకోవడమే క్షేమం. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రజలంలో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైన లవణాలు కూడా ఉంటాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండాలి. హైడ్రోమీటరుతో చూస్తే విశిష్ట గురుత్వం 1.025కు దగ్గరగా కనిపించాలి. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం మంచిది. నీటిని కదిలించే చిన్న పంపు, వేడిని తెలిపే ఉష్ణమాపకం, సాధారణ దీపం ఉంటే చాలు. చేపల సంఖ్య తక్కువైనపుడు ఖరీదైన పరికరాల అవసరం అంతగా ఉండదు.

నీరు, ఇసుక, రాళ్లు సిద్ధమైన తరువాత చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీరు తేటగా కనిపించగానే చేపలను తెచ్చి విడిచిపెడతారు. కంటికి తేటగా ఉన్న నీటిలో అమ్మోనియా ఉండవచ్చు. అందువల్ల చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు చేపల ఆహారం వేసి, బాక్టీరియా పెరగనివ్వాలి. పరీక్షా ద్రావణాలతో నీటిని చూస్తూ ఉండాలి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. ఈ రెండూ లేవని తేలిన తరువాతనే మొదటి చేపను తేవాలి. ఖాళీ తొట్టిని చూస్తూ ఆ వారాలన్నీ గడపడం కష్టమే. కానీ ఆ నిరీక్షణే తరువాతి సంవత్సరాల శ్రమను తగ్గిస్తుంది.

తొలి నివాసులుగా విదూషక చేపల జంట ఎంతో తగినది. నారింజ రంగు దేహంపై తెల్లని పట్టీలతో అలరించే ఈ చేపలకు సముద్ర ఎనిమోన్ తోడు లేకున్నా తొట్టిలో బ్రతకగలవు. ఇవి మగవిగానే ఎదిగి, జంటలో పెద్దది ఆడదిగా మారడం ప్రకృతి వింతలలో ఒకటి. తగిన సంరక్షణ లభిస్తే పదేళ్లకు పైగా జీవిస్తాయి. రాళ్లపై నాచును తినే రెండు మూడు నత్తలు చేరితే వంద లీటర్ల తొట్టికి అదే నిండుదనం. చోటు ఉన్నది కదా అని మరిన్ని చేపలను చేర్చితే విసర్జకాలు పెరుగుతాయి, బాక్టీరియాకు భారం పెరుగుతుంది, చివరకు మన శ్రమ కూడా పెరుగుతుంది.

నిత్యం చేయవలసిన పనులు కొద్దివే. రెండు మూడు నిమిషాలలో చేపలు తినగలిగినంత ఆహారమే వేయాలి. బాష్పీభవనం వల్ల తగ్గిన నీటిని ఉప్పు కలపని శుద్ధజలంతోనే భర్తీ చేయాలి. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. వంద లీటర్లలో ఐదు లీటర్లు ఆవిరైతే, లీటరుకు 35 గ్రాములున్న లవణం దాదాపు 37 గ్రాములకు చేరుతుంది. అటువంటపుడు మళ్లీ ఉప్పునీరే పోస్తే లవణీయత ఇంకా పెరుగుతూ పోతుంది. రెండు వారాలకొకసారి పదవ వంతు నీటిని తీసి, ముందుగా కలిపి ఉంచుకొన్న ఉప్పునీటిని పోయాలి. రాళ్లను మంచినీటితో కడగరాదు. కడిగితే బాక్టీరియా నశిస్తుంది.

మన ప్రాంతంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి వేసవి ఎండ, రెండవది కరెంటు కోత. నీటి ఉపరితలంపై చిన్న పంకా గాలి తగిలేటట్లు పెడితే రెండు మూడు డిగ్రీల వేడి తగ్గుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కనుక ఈ జాగ్రత్త ఎంతో అవసరం. కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఆదుకుంటుంది. ప్రాణవాయువు చేపలకే కాక, వాటిని కాపాడే బాక్టీరియాకు కూడా కావాలి.

అందం కోసం సముద్రాన్ని దోచుకోరాదు. మన దేశంలో పగడపు జీవులకు, సముద్రపు గుర్రాలకు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ కల్పించారు. పగడపు దిబ్బల నుంచి రాళ్లను తెచ్చుకోవడం నేరం. కృత్రిమంగా తయారైన రంధ్రాల రాళ్లలోనూ బాక్టీరియా చక్కగా నివసిస్తుంది. చేపలను కూడా సముద్రంలో పట్టినవి కాక, సంతానోత్పత్తి కేంద్రాలలో పుట్టినవి ఎన్నుకోవాలి. విదూషక చేపలను ఈ విధంగా ఉత్పత్తి చేసే పద్ధతులను కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. పెంచలేకపోతే చేపలను నీటిలో విడిచివేయడం కూడా తగదు. 1984లో మొనాకో తీరాన కనిపించిన ఒక అక్వేరియం శైవలం, తరువాత మధ్యధరా సముద్ర తీరాలలో విస్తరించి, అక్కడి సహజ వృక్షసంపదకు ముప్పుగా పరిణమించింది.

తొట్టి నిండా చేపలుండడం సంపద కాదు. ఉన్న రెండు చేపలు సుఖంగా బ్రతకడమే సంపద. మనం వేచి ఉన్న వారాలు, వద్దనుకొన్న చేపలు, వేయకుండా ఆపిన చిటికెడు ఆహారం, ఇవే ఆ తొట్టిని నిలబెడతాయి. గాజుతొట్టి ఒక చిన్న ప్రపంచం. అందులో విసర్జకాలను తొలగించే శక్తికి మించి జీవుల సంఖ్య పెరిగితే ఏం జరుగుతుందో వారం రోజులలో తెలిసిపోతుంది. మనం నివసించే పెద్ద ప్రపంచంలోనూ నియమం అదే. కాకపోతే ఫలితం కనిపించడానికి మరికొంత కాలం పడుతుంది.

కఠిన పదాలకు అర్థాలు
కడలి = సముద్రం
సమతౌల్యం = హెచ్చుతగ్గులు లేని స్థితి
లవణీయత = నీటిలో లవణాలు ఉండే పరిమాణం
శైవలాలు = నాచు జాతి మొక్కలు
నిరీక్షణ = ఎదురుచూడడం

సంధులు
ద్రవాభిసరణం = ద్రవ + అభిసరణం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ఉప్పునీటి అక్వేరియాన్ని తక్కువ శ్రమతో నిర్వహించడానికి పాటించవలసిన నియమాలను వివరించండి.

లఘు సమాధాన ప్రశ్నలు
1. నత్రజని వలయంలో బాక్టీరియా పాత్రను తెలపండి.
2. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పునీటిని ఎందుకు పోయరాదు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లండన్‌లో ప్రజల కోసం మొదటి అక్వేరియం ఏ సంవత్సరంలో వెలసింది?
2. విదూషక చేపల జంటలో ఏది ఆడదిగా మారుతుంది?