నమ్మిన గొంతే శత్రువైతే: రేడియో నాటకాల్లో గ్రహాంతర దండయాత్ర

టెలివిజన్ ఇళ్లలోకి విస్తరించక ముందు, 1930ల నుంచి 1950ల మధ్యకాలం వరకు, అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అసంఖ్యాక కుటుంబాలు సాయంత్రాలు గడిపింది రేడియో ముందరే. హాస్యం, అపరాధ పరిశోధన, సంసార గాథల సరసన అక్కడి శ్రవ్య నాటకాల్లో ఒక ప్రత్యేక శాఖ కూడా పెరిగింది. ఇతర గ్రహాల జీవులు భూమిపైకి దండెత్తి రావడం దాని ఇతివృత్తం. సినిమా అయితే వింత ఆకారాలను, కూలుతున్న భవనాలను చూపించి భయపెట్టగలదు గాని, రేడియోకు ఉన్న సాధనాలు మాట, సంగీతం, శబ్దం, నిశ్శబ్దం మాత్రమే. ఈ శాఖలో చిరకాలం నిలిచిన నాటకాలను పరిశీలిస్తే, వాటిలోని భయం శత్రువు రూపవర్ణన నుంచి గాక, శ్రోత అనుమానించాలని కూడా తలచని గొంతు నుంచి పుట్టిందని తెలుస్తుంది.

ఈ శాఖకు మూలంగా చెప్పదగిన నాటకం 1938 అక్టోబరు 30 రాత్రి 8 గంటలకు న్యూయార్క్ నుంచి సి.బి.ఎస్. రేడియో ప్రసారం చేసిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’. ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ 1898లో ప్రచురించిన నవల దానికి ఆధారం. అప్పటికి ఇరవైమూడేళ్ల వయసున్న ఆర్సన్ వెల్స్ తన మెర్క్యురీ థియేటర్ బృందంతో దానిని ప్రదర్శించాడు. నాటక రచన హోవర్డ్ కాచ్‌ది, సంగీత నిర్వహణ బెర్నార్డ్ హెర్మన్‌ది. నవలలో అంగారక జీవులు ఇంగ్లండులోని పల్లెసీమల్లో దిగుతారు. కాచ్ ఆ కథను తన కాలానికి తెచ్చి, న్యూజెర్సీ రాష్ట్రంలోని గ్రోవర్స్ మిల్ అనే చిన్న ఊరిలో నిలబెట్టాడు.

స్థలకాలాల మార్పు కన్నా ముఖ్యమైనది రూపంలో వచ్చిన మార్పు. నాటకంలో దాదాపు మూడింట రెండు వంతులు వార్తా ప్రసారంలా సాగుతుంది. ముందుగా వాతావరణ సమాచారం, తరువాత ఒక హోటల్ నుంచి వాద్యబృందం సంగీతం వినిపిస్తాయి. ఆ సంగీతాన్ని మధ్యలో ఆపి, అంగారక గ్రహంపై విస్ఫోటనాలు కనిపించాయని అనౌన్సర్ చెబుతాడు. మళ్లీ సంగీతం మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆర్సన్ వెల్స్ స్వయంగా పోషించిన ఖగోళ శాస్త్రవేత్త పాత్ర, అంగారకుడిపై బుద్ధిజీవులు ఉండే అవకాశం లేదని నిబ్బరంగా ప్రకటిస్తుంది. ఆ తరువాత ఉల్క పడిన పొలం నుంచి విలేకరి ప్రత్యక్ష వ్యాఖ్యానం చేస్తూ ఉండగా, అతని మాట వాక్యం మధ్యలో తెగిపోయి, కొన్ని క్షణాలపాటు ఏమీ వినిపించదు. ఎప్పుడూ ఏదో ఒక ధ్వని నిండి ఉండవలసిన రేడియోలో అటువంటి శూన్యం తప్పు జరిగినప్పుడు తప్ప రాదు కనుక, ఆ కొద్ది క్షణాల మౌనం ఏ కేక కన్నా బలంగా పనిచేసింది.

విలేకరి గొంతులోని తడబాటు పాత్రధారి ఫ్రాంక్ రీడిక్ ఊహించి పలికినది కాదు. 1937 మే 6న న్యూజెర్సీలోనే లేక్‌హర్స్ట్ వద్ద హిండెన్‌బర్గ్ అనే జర్మన్ గగననౌక మంటల్లో కూలిపోతుండగా హెర్బర్ట్ మారిసన్ అనే వ్యాఖ్యాత గద్గద స్వరంతో చేసిన వర్ణన రికార్డయి ఉంది. రీడిక్ దానిని మళ్లీ మళ్లీ విని, నిజమైన దిగ్భ్రాంతి గొంతులో ఎలా పలుకుతుందో అభ్యసించాడు. అలాగే దేశీయాంగ మంత్రి పాత్ర ధరించిన కెనీ డెల్మార్, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వరాన్ని తలపించేలా మాట్లాడాడు. ప్రసారానికి ముందు రేడియో సంస్థ పట్టుబట్టి కొన్ని అసలు సంస్థల పేర్లను మార్పించింది గాని, మార్చిన పేర్లు అసలువాటికి దగ్గరగానే ఉన్నందువల్ల ఆ జాగ్రత్త పెద్దగా ఫలించలేదు.

శ్రోతల్లో కొందరు దీనిని నిజమని నమ్మడానికి నాటక నైపుణ్యం ఒక్కటే కారణం కాదు. అప్పటికి సరిగ్గా నెల రోజుల ముందు యూరప్‌లో మ్యూనిక్ సంక్షోభం నడిచింది. చెకోస్లొవేకియా విషయంలో హిట్లర్ యుద్ధానికి దిగుతాడేమోనన్న ఆందోళన నడుమ, రేడియో సంస్థలు మామూలు కార్యక్రమాలను ఆపి తాజా వార్తలు చదవడం అమెరికన్లకు అలవాటైంది. అందుచేతనే దాడి చేస్తున్నది అంగారకులు కారు, జర్మన్లేనని అనుకున్నవారు కూడా ఉన్నారు. మరొక కారణం వాణిజ్య సంబంధమైనది. నాటి ప్రజాదరణ పొందిన కార్యక్రమాలకు స్పాన్సర్, అంటే ఖర్చు భరించి తన సరుకును ప్రకటించుకొనే సంస్థ, ఉండేది. మెర్క్యురీ థియేటర్‌కు అప్పటికి స్పాన్సర్ లేదు. ఇది కథ అని ప్రారంభంలో చెప్పినా, ప్రకటనల విరామాలు లేనందున ఆ మాట తిరిగి వినిపించడానికి సుమారు నలభై నిమిషాలు పట్టింది. ఆలస్యంగా రేడియో పెట్టినవారికి ఈలోగా అది కల్పన అని తెలిపే సూచన అందలేదు.

మరునాటి పత్రికలు దేశమంతా భీతిల్లి వీధులకెక్కిందని రాశాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త హాడ్లీ కాంట్రిల్ 1940లో ప్రచురించిన అధ్యయనం, దాదాపు అరవై లక్షల మంది ఈ నాటకం విన్నారనీ, వారిలో పది లక్షలకు పైగా భయపడ్డారనీ అంచనా వేసింది. అయితే ఇటీవలి చరిత్రకారులు ఈ చిత్రాన్ని చాలావరకు సవరించారు. శ్రోతల సంఖ్యను లెక్కగట్టే ఒక సంస్థ ఆ రాత్రి ఐదు వేల ఇళ్లకు ఫోన్ చేసి అడిగినప్పుడు, ఈ నాటకం వింటున్నామన్నవారు రెండు శాతమే. చాలామంది అదే సమయంలో మరొక స్టేషన్‌లో వస్తున్న ఎడ్గర్ బెర్గెన్ హాస్య కార్యక్రమం వింటున్నారు. ప్రకటనల ఆదాయాన్ని తమ నుంచి లాక్కుంటున్న రేడియోను బాధ్యతలేని మాధ్యమంగా చూపడం పత్రికలకు ప్రయోజనకరమే. కొందరు నిజంగా భయపడ్డ మాట కాదనలేనిది గాని, జాతి మొత్తం పిచ్చెత్తిపోయిందన్నది వార్తాపత్రికలు అల్లిన మరొక నాటకం.

ఇదే ప్రయోగం అసలైన విషాదంగా పరిణమించింది దక్షిణ అమెరికాలో. 1949 ఫిబ్రవరి 12న ఈక్వడార్ రాజధాని కీటోలో, రేడియో కీటో అనే స్టేషన్ ఈ కథను స్థానికంగా మలచి, ముందస్తు హెచ్చరిక లేకుండా ప్రసారం చేసింది. నగరవాసులు వీధుల్లోకి పరుగెత్తారు, అది నాటకమని తెలిశాక వారి భయం ఆగ్రహంగా మారి, ఆ రేడియో కేంద్రమూ, ‘ఎల్ కొమెర్సియో’ పత్రికా ఉన్న భవనాన్ని తగులబెట్టారు, ప్రాణనష్టం జరిగింది. అక్కడ ప్రజలను భవనం మీదికి నడిపించినది అంగారకుల భయం కాదు, తాము నమ్మిన గొంతు తమను వంచించిందన్న కోపం.

అటువంటి అనుభవాల తరువాత వార్తా ప్రసారపు మారువేషం తిరిగి ధరించడం రేడియో సంస్థలకు కష్టమైంది. 1950లలో ఈ కథలు వార్తల గదిని విడిచి ఇంట్లోకి ప్రవేశించాయి. అమెరికాలో ఎన్.బి.సి. నడిపిన ‘డైమెన్షన్ ఎక్స్’ (1950–51), ‘ఎక్స్ మైనస్ వన్’ (1955–58) పత్రికల్లో వచ్చిన విజ్ఞాన కల్పిత కథలను నాటకీకరించేవి, సి.బి.ఎస్.లో 1942 నుంచి 1962 వరకు సాగిన ‘సస్పెన్స్’ కూడా అటువంటి కథలను అప్పుడప్పుడు ప్రసారం చేసేది. రే బ్రాడ్‌బరీ 1947లో రాసిన ‘జీరో అవర్’ కథను ఈ మూడూ వినిపించాయి. అందులో ఒక చిన్నపిల్ల పెరట్లో తోటి పిల్లలతో దండయాత్ర ఆట ఆడుతూ, గులాబీ పొద దగ్గర కనిపించని స్నేహితుడొకడు చెప్పే లెక్కలు, సూచనలు తల్లికి ఉత్సాహంగా చెబుతూ ఉంటుంది. దేశమంతటా పిల్లలు అదే ఆట ఆడుతున్నారని తెలిసినా తల్లి నవ్వి ఊరుకుంటుంది. శ్రోతకు మాత్రం ఆ చిన్నారి కంఠంలోని ఆనందమే క్రమంగా భయకారణమవుతుంది. పిల్ల ఏదీ దాచలేదు, పెద్దలే వినలేదు.

అదే రచయిత 1948 నాటి ‘మార్స్ ఈజ్ హెవెన్’లో దిశ తిరగబడుతుంది. అంగారకుడిపై దిగిన మానవ బృందానికి అచ్చం తమ బాల్యపు ఊరిలాంటి పట్టణం, అందులో ఎప్పుడో మరణించిన తమవారు ఎదురవుతారు. గ్రహవాసులు ఆగంతకుల జ్ఞాపకాలను చదివి, వారి ప్రేమనే ఆయుధంగా వాడుకుంటారు. దండెత్తినది ఎవరు, ఆత్మరక్షణ చేసుకున్నది ఎవరు అన్న ప్రశ్న కూడా శ్రోతకే మిగులుతుంది. బ్రిటన్‌లో చార్లెస్ చిల్టన్ బి.బి.సి. కోసం 1953లో ప్రారంభించిన ‘జర్నీ ఇంటు స్పేస్’ ధారావాహిక తదుపరి భాగాల్లో, అంగారకులు మనుషుల మనసులను వశపరచుకొని వారి ద్వారానే భూమిని ఆక్రమించాలని చూస్తారు. యాత్రికుల్లో ఒకడైన విటేకర్ ఎటువంటి హెచ్చుతగ్గులూ లేని స్వరంతో మాట్లాడుతుంటే, ఏదో తేడా ఉందని శ్రోతకు ముందుగా తెలిసేది ఆ స్వరంవల్లనే.

వార్తాహరుడు, శాస్త్రవేత్త, పసిపిల్ల, చనిపోయిన తల్లి, తోటి ప్రయాణికుడు: శత్రువు చేరిన గొంతులు ఇవన్నీ సాధారణంగా ఎవరూ పరీక్షించనివి. కాంట్రిల్ అధ్యయనంలో ఈ కారణంగానే నేటికీ చదవదగిన అంశం భయపడ్డవారి సంఖ్య కాదు, సరిచూసుకున్న తీరును బట్టి ఆయన శ్రోతలను విభజించిన పద్ధతి. మరొక స్టేషన్ తిప్పి చూసినవారు, పత్రికలోని కార్యక్రమాల పట్టిక చూసినవారు త్వరగానే కుదుటపడ్డారు. కిటికీలోంచి బయటికి చూసినవారికి మాత్రం ఆ ప్రయత్నం అక్కరకు రాలేదు. వీధి నిండా వాహనాలుంటే జనం పారిపోతున్నారనీ, ఖాళీగా ఉంటే దారులు మూసుకుపోయాయనీ వారు అర్థం చేసుకున్నారు. సరిచూసుకోవాలన్న కోరిక ఒక్కటే చాలదనీ, నమ్మకానికి లొంగని మరొక ఆధారం కావాలనీ ఆ శ్రోతల అనుభవం చూపుతుంది. మంచి దండయాత్ర నాటకం చేసే పనల్లా ఆ రెండో ఆధారాన్ని ఒక గంటపాటు శ్రోతకు అందనీయకపోవడమే.