జీఎస్టీ గడి ఖాళీగా ఉంటే బిల్లింగ్ యాప్ క్రాష్.. జావాలో చాలామంది చేసే తప్పు ఇదే!

బేతంచెర్ల అంటే ఠక్కున గుర్తొచ్చేది నాపరాళ్లే. నంద్యాల జిల్లాలోని ఈ ఊళ్లో పాలిష్ బండలు అమ్మే వ్యాపారి ఒకరు జావాతో చేసిన బిల్లింగ్ యాప్ వాడుతున్నారనుకుందాం. కాంట్రాక్టర్ వచ్చి జీఎస్టీ నంబర్ చెప్తాడు.. బిల్లు వచ్చేస్తుంది. ఇంటికి నాలుగు బండలు కొనుక్కుందామని వచ్చిన రైతుకు ఆ నంబరే ఉండదు. గడి ఖాళీ. అంతే.. ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ అంటూ యాప్ ఆగిపోయింది. బండలెక్కించిన ట్రాక్టర్ బయటే నిలబడిపోయింది.

ఇంతకీ ‘నల్’ అంటే ఏంటి? ఇక్కడ విలువ లేదు అని చెప్పే గుర్తు. 1965లో బ్రిటన్ శాస్త్రవేత్త టోనీ హోర్ దీన్ని తెచ్చారు. 2009లో ఆయనే అది తన ‘బిలియన్ డాలర్ల తప్పు’ అని ఒప్పుకున్నారు. లెక్క తక్కువే చెప్పారేమో! 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ సేవలు గంటల తరబడి దెబ్బతిన్నాయి. స్పాటిఫై, డిస్కార్డ్ కూడా ఇబ్బంది పడ్డాయి. కారణం.. ఖాళీ గడులున్న డేటా, దాన్ని తట్టుకోలేని కోడ్.

2014లో వచ్చిన జావా 8 ఇందుకోసమే ‘ఆప్షనల్’ అనే డబ్బా ఇచ్చింది. లోపల విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అసలు తిరకాసు ఆ డబ్బా తయారుచేసే దగ్గరే ఉంది. ‘ఆప్షనల్.ఆఫ్’ రాసి అందులో నల్ వేస్తే అక్కడికక్కడే అదే ఎర్రర్ వస్తుంది. ‘ఆప్షనల్.ఆఫ్ నలబుల్’ రాస్తే ఖాళీ డబ్బా వస్తుంది.. యాప్ ఆగదు.

మరి ఎప్పుడూ రెండోదే వాడేస్తే పోలా? పోదు. బండల ధర లేకుండా బిల్లే లేదు కదా. అలాంటి చోట మొదటిదే కరెక్ట్. ధర రాలేదంటే తప్పు వెంటనే బయటపడాలి, సున్నా రూపాయల బిల్లై బయటికి పోకూడదు. జీఎస్టీ నంబర్ లాంటి, లేకపోయినా సరే అనే వాటికే రెండోది.

ఇంకో మాట. డబ్బా చేశాక చూసుకోకుండా ‘గెట్’ కొడితే, ఖాళీగా ఉన్నప్పుడు ‘నో సచ్ ఎలిమెంట్’ ఎర్రర్ తగులుకుంటుంది. పేరు మారిందంతే, ట్రాక్టర్ మళ్లీ ఆగినట్టే! బదులుగా ‘ఆర్ ఎల్స్’ వాడి, నంబర్ లేకపోతే ‘నమోదు లేదు’ అని ప్రింట్ చేయమంటే రైతు బిల్లు కూడా వచ్చేస్తుంది.