సీసా మారినపుడు మందు కొలత

మిరపతోటలకు మందు కొట్టెడు దినములలో మనలో ననేకులకు సీసా మూతయే కొలపాత్ర. ఈ వ్యాసకర్తయు నట్టివాడే. ఒక యేడు నాయొద్ద 20 శాతపు మందు అయిపోగా, అదే పేరుగల క్రొత్త సీసా తెచ్చితిని. అది 50 శాతపుదని చూడక, పాత లెక్కనే లీటరుకు 2.5 మి.లీ. కలిపితిని. చిగుళ్లు మాడెను, పూత రాలెను.

తప్పెక్కడ జరిగెనో చూడుడు. నీరు కలిపిన మందు పెరుగదు, తరుగదు; పలుచబడును, అంతే. కావున పోసిన మందు పరిమాణమును దాని శాతముతో హెచ్చించి, మొత్తము ద్రావణముచే భాగించిన ద్రావణపు గాఢత తెలియును. మొత్తము లీటరు, అనగా 1000 మి.లీ. అగునట్లు నీరు నింపితిమనుకొందము. 2.5×20=50; దీనిని 1000చే భాగించిన 0.05 శాతము. ఇదే గాఢత 50 శాతపు మందునుండి రావలెనన్న, 50ని 50చే భాగింపగా 1 మి.లీ. చాలును. నేను పోసినది రెండున్నర రెట్లు! 16 లీటర్ల ట్యాంకునకు పాత మందు 40 మి.లీ., క్రొత్తది 16 మి.లీ. మాత్రమే.

వేపమందు సీసాపై శాతమునకు బదులు పీపీయం అని యుండును. అది పది లక్షల పాళ్లలో నెన్ని పాళ్లో తెలుపు సంఖ్య. 10,000 పీపీయం అనగా 1 శాతము. 1500 పీపీయం మందు 5 మి.లీ.లో నున్నంత అజాడిరక్టిను 10,000 పీపీయం మందు 0.75 మి.లీ.లోనే యుండును. ధరలు బేరమాడునపుడును ఈ లెక్క పనికివచ్చును.

అయితే ఈ గణితము ఒకే మందునకు గాని వేర్వేరు మందులకు వర్తింపదు. ఒకే మందైనను నూనెరకము, పొడిరకము వేరైనచో సీసాపై చీటీలోని మోతాదే ప్రమాణము. చీటీలో ఎకరమునకు 100 మి.లీ. అని యుండి, మీ చేనిలో ఎకరమునకు పది ట్యాంకులు పట్టునేని, ట్యాంకునకు 10 మి.లీ. పోయవలెను.

1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తెల్లదోమ ముంచినపుడు, మందుపై మందు కొట్టియు పురుగు చావక అప్పులపాలైన కుటుంబములను పెద్దలెరుగుదురు. మోతాదు హెచ్చినచో పైరు మాడుటయేగాక కాయలో మందు అవశేషము మిగులును. తగ్గినచో పురుగు చావక మందునకు అలవాటుపడును.

సీసామూతలన్నియు నొక కొలత కావు. గీతలుగల చిన్న కొలగ్లాసు కొని, మందులకే ప్రత్యేకించి, వంటయింటికి దూరముగా నుంచవలెను.