ఇష్టానికి వెల కడితే

బొమ్మ బాగా గీసినా, లేసు చక్కగా అల్లినా చూసినవాళ్లు ముందుగా అనే మాట, "ఇంత బాగా చేస్తున్నావు, అమ్మకూడదూ?" ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ, యూపీఐ నంబరు ఉంటే సాయంత్రానికి దుకాణం తెరవచ్చు. డబ్బు తగిలితే సరదా చచ్చిపోతుందని అడ్డుపడే పెద్దలూ ప్రతి ఇంట్లో ఉంటారు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లకు పైగా పరీక్షిస్తున్నది ఈ పెద్దల మాటనే. ఆ ప్రయోగాలను వరసగా చూస్తే, సరదా చావడంలో డబ్బు వాటా తక్కువ, దాని వెంట వచ్చే పెత్తనం వాటా ఎక్కువ అనిపిస్తుంది.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో, రంగు పెన్నులు కనిపిస్తే వదలని 51 మంది పిల్లలను ఎంచుకున్నారు. వయసు మూడు నుంచి ఐదేళ్లు. కొందరికి ముందే చెప్పారు: బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని. ఇంకొందరికి మాట ఇవ్వకుండా, గీశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మిగిలినవాళ్లకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తరవాత పెన్నులను మామూలుగా ఆటవస్తువుల మధ్య ఉంచి, పిల్లలకు తెలియకుండా గమనించారు. ఒప్పందం మీద గీసినవాళ్లు ఆ సమయంలో సుమారు 9 శాతమే బొమ్మలకు ఇచ్చారు. ఏమీ అందనివాళ్లు 17 శాతం, అనుకోకుండా అందుకున్నవాళ్లు 18 శాతం ఇచ్చారు. సర్టిఫికెట్ రెండు గుంపులకూ ఒకటే, తేడా అంతా ముందస్తు బేరంలో ఉంది. పైగా బేరం మీద గీసిన బొమ్మలకు, ఎవరు ఎందుకు గీశారో తెలియని పరీక్షకులు తక్కువ మార్కులు వేశారు.

పసిపిల్లలను చూసి పెద్దల సంగతి చెప్పడమేమిటని అడగవచ్చు. అంతకు రెండేళ్ల ముందే, 1971లో, ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకు సోమా అనే ముక్కలు అమర్చే పజిల్ ఇచ్చి, కొందరికి విప్పినదానికల్లా డాలరు చెల్లించాడు. డబ్బు ఆగిపోయాక, విరామంలో పజిల్ జోలికి వెళ్లడం వాళ్లలో తగ్గింది. మెచ్చుకోలు మాత్రమే అందినవాళ్లలో అలా జరగలేదు. అసలు గొడవ ఆ తరవాతే. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ 96 ప్రయోగాలను కలిపి లెక్కకట్టి, మొత్తం మీద బహుమతులతో ఆసక్తి తగ్గదన్నారు. 1999లో డెసి, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయన్ 128 ప్రయోగాలను విడదీసి చూశారు. విసుగు పుట్టించే పనుల్లో బహుమతితో నష్టం లేదు. ఇష్టమైన పనిలో "ఇది చేస్తే ఇంత" అని ముందే కట్టే బహుమతులతో నష్టం ఉంది. మెచ్చుకోలు ఆసక్తిని పెంచింది. నాకు ఈ రెండో లెక్కే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది, ఎందుకంటే అభిరుచి ఇష్టమైన పనే. ఇష్టంలేని పనులను అందులో కలిపి సగటు తీస్తే జవాబు మసకబారుతుంది.

బతుకుతెరువుగా కళను ఎంచుకున్నవాళ్ల సంగతి తెరెసా అమాబిలే బృందం చూసింది. 23 మంది చిత్రకారులు, శిల్పులు ఆర్డరు మీద చేసినవి కొన్ని, తమకు తోచి చేసినవి కొన్ని ఇచ్చారు. ఏది ఏదో తెలియని నిపుణులు ఆర్డరు పనుల్లో పనితనం తగ్గలేదన్నారు, కొత్తదనం తగ్గిందన్నారు. అన్ని ఆర్డర్లూ ఒకటి కావు: చేతులు కట్టేసినవి దెబ్బతీశాయి, నచ్చినట్టు చేయనిచ్చినవి మేలు చేశాయి. అందుకే చేసి పెట్టుకున్నదాన్ని అమ్మడం, రంగు, కొలత, గడువు రాసిచ్చిన ఆర్డరు పట్టుకోవడం కన్నా భద్రం. అమ్మకం అలవాటైతే ముందే కొనేవాడు కళ్లలో మెదులుతాడన్న అభ్యంతరం నిజమే. దానికి మందు, కొన్నిటిని అసలు అమ్మకానికే పెట్టకపోవడం.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఇష్టంతో చేసేది డబ్బుకు దూరంగా ఉండాలనే వాదన ఎవరికి లాభం? జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతపు లేసు అల్లే స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. దారం వ్యాపారిది, కూలి ముక్కల లెక్కన. ఒకరు పువ్వు అల్లితే ఇంకొకరు అతుకు పని చేసేవారు. లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు క్రోషే సూదితో కూర్చున్నా, ఇంటి ఆడవాళ్లు తీరికవేళ చేసుకునే పనిగానే దాన్ని లెక్కగట్టారు. అందుకే కూలి వ్యవసాయ కూలీల కనీస వేతనం కన్నా చాలా తక్కువగా ఉండేది. డబ్బు అంటీ అంటనట్టే ఉంది, పెత్తనం మాత్రం పూర్తిగా అంటింది: నమూనా వాళ్లది కాదు, ధర వాళ్లది కాదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "సరదాకి చేస్తున్నాను కదా" అని దారం ఖర్చు మాత్రమే అడిగేవాళ్లు ఆ రేటునే మళ్లీ తెస్తున్నారు, దాని మీదే బతికే పొరుగింటామె బేరాన్ని పడగొడుతున్నారు. అమ్మేటప్పుడు గంటల కూలి కలిపి ధర చెప్పాలి. ఆ ధర విని వెనక్కి తగ్గే కొనుగోలుదారు ఎలాగూ నమూనా కూడా తనే నిర్ణయించేవాడు.