మాటలు రాని పిల్లల బెంగ: ఆట, పాట, రంగుల సాయం

మాటలు రాని పిల్లలంటే ఏమీ తెలియని పిల్లలు కారు. మాట రాకపోవడానికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, కొన్ని జన్యు లోపాలు ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 25 నుంచి 30 శాతం మందికి బడి ఈడు వచ్చాక కూడా మాటలు రావు, వచ్చినా పట్టుమని పది ఉండవు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరికి ఎదుటివారు చెప్పేదంతా అర్థమవుతుంది. నాలుక, పెదవులు, దవడ కండరాలే వాళ్ల అదుపులో ఉండవు. పైకి అందరూ మౌనంగానే కనిపించినా, అర్థం చేసుకునే శక్తి ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది.

ఇంటికి కష్టం వచ్చినప్పుడు ఈ తేడాలన్నీ మరుగున పడతాయి. అమ్మ ఆపరేషన్‌కు వెళ్తుంది. అప్పుల బాధతో నాన్న పని వెతుక్కుంటూ వలస పోతాడు, లేదా గల్ఫ్ విమానం ఎక్కుతాడు. తాతయ్య చనిపోతాడు. భార్యాభర్తలు విడిపోతారు. మాటలు వచ్చిన అక్కను ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని ఎంతో కొంత చెబుతారు. తమ్ముడి విషయానికి వచ్చేసరికి ‘వాడికేం తెలుస్తుందిలే’ అనేస్తారు. నిజానికి భావాలకు మాటలతో పనిలేదని శాస్త్రం ఎప్పుడో చూపించింది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, అప్పటిదాకా బిడ్డతో నవ్వుతూ ఆడిన తల్లి కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండిపోతుంది. నెలల పసిబిడ్డ కూడా వెంటనే గ్రహిస్తుంది. నవ్వించాలని చూస్తుంది, చేతులు చాస్తుంది, లాభం లేదని తెలిశాక ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. ఇంట్లో పెద్దల ముఖాలు మారిపోతే మాటలు రాని పిల్లలు పసిగట్టకుండా ఉండరు.

ఆ బెంగ ఒంటి మీదే బయటపడుతుంది. నిద్ర చెదురుతుంది, తిండి తగ్గుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కొందరు చెయ్యి కొరుక్కుంటారు, తల గోడకేసి కొట్టుకుంటారు, గేటు దగ్గరి నుంచి కదలరు. అలాగని ప్రతిదాన్నీ బెంగ ఖాతాలో వేయడం ప్రమాదం. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం, మూర్ఛ మందు మోతాదులో మార్పు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. ముందు డాక్టరు పరీక్ష జరగాలి, ఆ తర్వాతే మనసు సంగతి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు రోజూ ఒకే తీరుగా గడవడమే పెద్ద ఆసరా. ఇంట్లో ఎవరూ చనిపోకపోయినా, ఎక్కడికీ పోకపోయినా, దినచర్య తెగితే చాలు తల్లడిల్లిపోతారు. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో బడి, థెరపీ సెంటరు, సాయంత్రం పార్కు ఒకేసారి మూతబడినప్పుడు ఎన్నో కుటుంబాలకు ఇది అనుభవంలోకి వచ్చింది.

మ్యూజిక్ థెరపీ, ఆర్ట్ థెరపీ, ప్లే థెరపీ, డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీలను కలిపి సృజనాత్మక చికిత్సలు అంటున్నారు. ఇవి సంగీతం క్లాసులు, డ్రాయింగ్ క్లాసులు కావు. పిల్లవాడు బాగా వాయించాడా, బొమ్మ బాగా వచ్చిందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వాడు చేసిన దానికి ఎదుటి మనిషి నుంచి, వాడికి అందే రూపంలో జవాబు వచ్చిందా అన్నదే చూస్తారు.

ఈ జవాబు ఎలా ఉంటుందో సంగీతంలో బాగా కనిపిస్తుంది. అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, ఇంగ్లండ్‌కు చెందిన ప్రత్యేక విద్య ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్ 1959లో వూస్టర్‌షైర్‌లోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల కేంద్రంలో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. నార్డాఫ్ పియానో దగ్గర ఉండేవారు, రాబిన్స్ పిల్లల పక్కన. ముందే సిద్ధం చేసుకున్న పాటేదీ ఉండేది కాదు. పిల్లవాడి అడుగుల వేగం, ఊగే ఊపు, ఊపిరి, మూలుగు ఎలా ఉంటే అప్పటికప్పుడు పియానో అలా పలికేది. వారి పుస్తకాల్లో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే ఒక ఘట్టంలో ఐదున్నరేళ్ల బాలుడు గదిలోకి కేకలు పెడుతూ వస్తాడు. వాణ్ని ఎవరూ ఊరుకోబెట్టరు. పియానో ఆ కేక ఏ స్థాయిలో ఉందో ఆ స్థాయిలోనే, అంత తీవ్రంగానే మోగుతుంది. కొంతసేపటికి కేకలు పియానో స్వరాల్లో పడతాయి. ఏడుపు ఏడుపుగానే ఉంటుంది, కానీ సగం పాటలా మారుతుంది.

ఏడ్చే బిడ్డకు ఉల్లాసమైన పాట పెట్టాలని పెద్దలకు తోస్తుంది. థెరపీ దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. పిల్లవాడు ఏ మనస్థితిలో ఉంటే సంగీతం అక్కడే మొదలై, మెల్లగా మారాలని ఇరా ఆల్ట్‌షులర్ అనే అమెరికన్ వైద్యుడు 1940లలోనే సూత్రీకరించారు. కోపంగా డ్రమ్ము బాదుతున్న పిల్లకు థెరపిస్టు అంతే గట్టిగా, అదే లయలో బదులిస్తుంది. ఆ పిల్ల ఆగితే తానూ ఆగుతుంది. కొన్ని వారాలకు ఆ పిల్ల కావాలనే ఆగి, థెరపిస్టు ఆగుతుందా లేదా అని ఓరగా చూస్తుంది. సంభాషణకు కావలసిన వంతులు, ఎదురుచూపు, ఆటపట్టింపు అన్నీ ఆ చూపులో ఉన్నాయి, మాట ఒక్కటే లేదు. ఇంట్లో ఏ వస్తువు విసిరినా తిట్లు పడే రోజుల్లో, ఎంత కోపాన్నైనా విరగకుండా, తిరిగి కొట్టకుండా తీసుకునే వస్తువు డ్రమ్ము ఒక్కటే.

పాట ఎంపికలో ఇంటివాళ్ల పాత్ర పెద్దది. పరాయి రాగం కన్నా అమ్మ రోజూ పాడే జోలపాట, నానమ్మ వినే భజన, నాన్న ఫోనులో మోగే సినిమా పాట పిల్లవాడికి దగ్గర. అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఆమె గొంతుతో జోల రికార్డు చేసి, రోజూ అదే వేళకు వినిపించవచ్చు. విన్నాక ఏడిస్తే అది చెడు గుర్తు కాదు. శబ్దం పడని పిల్లలూ చాలామంది ఉంటారు. వాళ్లకు డప్పు, తాళాలు హింసే. చెవులు మూసుకునే పిల్లను చికిత్స పేరుతో గదిలో కూర్చోబెట్టడం ఏ పద్ధతిలోనూ లేదు.

బొమ్మల దారి వేరు. లండన్‌లో 1928లో పిల్లల క్లినిక్ తెరిచిన డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్, ఇసుక పోసిన పళ్లాలు, చిన్న చిన్న బొమ్మలు ఇచ్చి పిల్లలను తమ లోకం కట్టుకోనిచ్చారు. దాన్నుంచి స్విట్జర్లాండ్‌కు చెందిన డోరా కాల్ఫ్ శాండ్‌ప్లే పద్ధతిని తయారుచేశారు. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వచ్చిన తన పుస్తకంలో, ఆటలో దారి చూపేది పిల్లలే, పెద్దలు వెనక నడవాలని వాదించారు. ఒక పిల్లవాడు ప్రతిసారీ నాన్న బొమ్మను ఇసుకలో పూడ్చి, తీసి, మళ్లీ పూడ్చాడనుకుందాం. ‘ఎందుకలా?’ అని అడిగితే వాడు చెప్పలేడు. ‘నాన్న కనపడటం లేదు... ఆ, వచ్చాడు’ అని చూసింది చూసినట్టు అనడమే థెరపిస్టు పని. ఏటికొప్పాక లక్కపిడతలు ఇలాంటి ఆటకు చక్కగా సరిపోతాయి. తెలుగింటి వంటగది మొత్తం అందులో ఉంటుంది, ప్లాస్టిక్ టీసెట్టులో అది దొరకదు.

రంగులు, మట్టి విషయంలో చరిత్ర మరింత బరువైనది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదులను నిర్బంధించిన టెరెజిన్‌లో చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పారు. 1944లో ఆమెను ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆ పిల్లల బొమ్మలు సుమారు 4,500 ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాళ్లు మాటలు వచ్చిన పిల్లలే, కానీ చెప్పుకోలేని పరిస్థితిలో కాగితం ఎంత మోస్తుందో ప్రపంచానికి చూపించారు. యుద్ధానికి ముందు ఆమె దగ్గర నేర్చుకున్న ఎడిత్ క్రేమర్ తర్వాత న్యూయార్క్‌లో పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేశారు. పెన్సిల్ పట్టుకోలేని పిల్లలకు మట్టి ముద్ద, వేలి రంగులు, లావాటి పిడి ఉన్న బ్రష్షు ఇస్తారు. చేతులు సహకరించకపోతే పాదంతో వేయిస్తారు. డ్యాన్స్ థెరపీలో మేరియన్ చేస్ 1942 నుంచి వాషింగ్టన్‌లోని మానసిక వైద్యశాలలో వాడిన కిటుకు కూడా జవాబు ఇవ్వడమే: ఎదుటివారి కదలికను తన ఒంటితో అందుకుని తిరిగి ఇవ్వడం.

పిల్లలు వేసిన బొమ్మలకు అర్థం చెప్పడంలో ఒక పెద్ద గొయ్యి ఉంది. నల్లరంగు వేస్తే దుఃఖం, ఎర్రరంగు వేస్తే కోపం అని అర్థాలు చెప్పేవారు దొరుకుతారు. చేతికి దగ్గరగా ఉన్న క్రేయాన్ నల్లది అయి ఉండవచ్చు. బిడ్డ మనసులో మాట వినాలన్న తల్లిదండ్రుల ఆరాటం ఎంత బలమైనదంటే, లేని మాట కూడా వినిపిస్తుంది. 1990లలో ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అనే పద్ధతి ఒక ఊపు ఊపింది. సహాయకురాలు పిల్లల చెయ్యి పట్టుకుంటే, వాళ్లు అక్షరాల బోర్డు మీద వాక్యాలకు వాక్యాలు టైపు చేసేవారు. పరీక్షిస్తే ఆ వాక్యాలు సహాయకులవేనని, వాళ్లకే తెలియకుండా వాళ్ల చేతులు నడిపిస్తున్నాయని తేలింది. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2018లో ఈ పద్ధతి వాడవద్దని స్పష్టంగా చెప్పింది. మంచి థెరపిస్టు ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పదు. వారాల తరబడి మారుతున్నదేమిటో రాసుకుంటుంది, ఇంట్లో జరిగిన దానితో పోల్చి చూస్తుంది, అప్పుడు కూడా ‘కావచ్చు’ అనే అంటుంది.

ఫలితాల గురించీ ఇంత నిక్కచ్చిగానే మాట్లాడాలి. తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలపై జరిగిన అధ్యయనం 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఐదు నెలల మ్యూజిక్ థెరపీ తర్వాత ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 26 అధ్యయనాలను, 1,165 మందిని కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష మొత్తం మీద మెరుగుపడే అవకాశం, జీవన నాణ్యత కొంత పెరుగుతాయని చెప్పింది గాని, మాటలు వస్తాయని చెప్పలేదు. పాటతో మాటలు తెప్పిస్తామనే ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి. ఇంట్లో చావు, వలస, జబ్బు ఉన్నప్పుడు మాటలు రాని పిల్లలకు ఈ చికిత్సలు ఎంత సాయపడతాయన్నదానికి ఆధారాలు ఎక్కువగా చిన్న అధ్యయనాలు, థెరపిస్టులు రాసుకున్న ఉదంతాలే.

కాబట్టి స్పీచ్ థెరపీని, పిల్లలు వేలితో చూపించి చెప్పుకునే బొమ్మల బోర్డులను మానేసి వీటి వెంట పడకూడదు. 1985లో అమెరికాలో మొదలైన పెక్స్ అనే బొమ్మల కార్డుల పద్ధతి, చెన్నైలో పుట్టిన ఆవాజ్ యాప్, ఐఐటీ బాంబే తయారుచేసిన జెల్లో యాప్ మన దేశంలో వాడుకలో ఉన్నాయి. చాలా ఇళ్లలో ఆ బోర్డుల మీద అన్నం, నీళ్లు, బాత్రూమ్, టీవీ తప్ప ఏమీ ఉండవు. భయమేస్తోంది, కోపం వచ్చింది, వద్దు, నాన్న ఎక్కడ అనే బొమ్మలు లేకపోతే కష్టకాలంలో ఆ బోర్డు ఉన్నా లేనట్టే. థెరపీ గదిలో బయటపడిన భావానికి బోర్డు మీద చోటిచ్చినప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి.

ఇంట్లో చేయగలిగినవి ఖర్చు లేనివే. అమ్మ ఆసుపత్రికి వెళ్తుంటే ఇల్లు, ఆటో, ఆసుపత్రి మంచం, మళ్లీ ఇల్లు అని నాలుగు ఫొటోలు వరసగా అంటించి ముందే చూపించాలి. ఇసుక లేకపోతే వెడల్పాటి పళ్లెంలో బియ్యం చాలు. బదులుగా ముగ్గు పిండి వాడకూడదు, అందులో సున్నం కలిసి ఉండవచ్చు కాబట్టి కళ్లకు, చర్మానికి మంచిది కాదు. ఎంత హడావిడి ఉన్నా రోజులో ఒక్క అలవాటైనా, స్నానం వేళో పడుకునే పాటో, మారకుండా చూడాలి. చావు విషయంలో తెలుగిళ్లలో ‘ఊరెళ్లాడు’ అని చెప్పే అలవాటుంది. ఊరెళ్లినవారు తిరిగొస్తారని నేర్చుకున్న పిల్లవాడు నెలల తరబడి గేటు దగ్గరే ఉంటాడు. ‘తాతయ్య చనిపోయాడు, ఇక రాడు’ అని ఫొటో చూపించి, అవే మాటలతో పదేపదే చెప్పడం మేలు. ఆ ఫొటోను దాచేయకూడదు.

శిక్షణ పొందిన ఆర్ట్, మ్యూజిక్ థెరపిస్టులు నగరాలు దాటితే అరుదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆర్ట్, డ్యాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులను తన జాబితాలో చేర్చింది. అయినా వారాంతపు కోర్సు చేసి బోర్డు కట్టినవారికీ, ఏళ్ల శిక్షణ ఉన్నవారికీ తేడా తెలుసుకునే భారం ఇప్పటికీ తల్లిదండ్రులదే. మాటలు రాని పిల్లలతో ఎంతకాలం పనిచేశారు, ఎవరి పర్యవేక్షణలో ఉన్నారు, నమోదు చేసిన వివరాలు చూపిస్తారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి భవిత కేంద్రాలు, జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలు, 1984లో ఏర్పడి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో పనిచేస్తున్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ముందుగా వెళ్లదగ్గ చోట్లు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులో కొంత దాని కింద రాబట్టుకోవచ్చు. దరఖాస్తుకు వైకల్య ధ్రువపత్రం తప్పనిసరి కాబట్టి, సదరం శిబిరానికి ఇంకా వెళ్లనివారు ముందు ఆ పని పూర్తి చేసుకోవాలి.