ఆగిందా, ఆపారా?

మాది హిందూపురం. బెంగళూరులో ఒక బ్రోకింగ్ కంపెనీ కస్టమర్ సపోర్టులో కొన్నేళ్లు పనిచేశాను. తెలుగు కాల్స్ అన్నీ మా బెంచీకే వచ్చేవి. దేశంలో ఎక్కువమంది ఖాతాదారులున్న గ్రో, జెరోధా రెండూ బెంగళూరు కంపెనీలే. నాది వాటి ముందు చాలా చిన్నది, పేరు చెప్పినా మీరు విని ఉండరు. మామూలు రోజుల్లో కేవైసీ, నామినీ, పడని డివిడెండ్, మరిచిపోయిన పాస్‌వర్డ్. యాప్ మొరాయించిన రోజున మాత్రం కర్నూలు నుంచైనా కరీంనగర్ నుంచైనా ఒకటే గోల. నంద్యాల నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసేవారు. కేకలేసే మనిషి కాదు, మెల్లగా అడిగేవారు: "నాయనా, నిజం చెప్పు. అది ఆగిందా, ఆపారా?"

"ఆగింది మాస్టారూ" అనేవాణ్ని.

"మరి ధర పడేటప్పుడే ఎందుకాగుతుంది?"

ఆయన గమనించింది నిజమే. ఎక్కువగా పడేటప్పుడే ఆగుతుంది. 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలు వస్తుంటే నిఫ్టీ దాదాపు 6 శాతం కూలింది. అలాంటి రోజున నెలకోసారి యాప్ తెరిచే మనిషి కూడా నిమిషానికోసారి తెరుస్తాడు. తెరిచిన ప్రతిసారీ సర్వర్ ఆయన షేర్లు, వాటి తాజా ధరలు, మార్జిన్ లెక్కలు అన్నీ వెతికి తేవాలి. లాగిన్ కాకపోతే ఊరుకుంటాడా? ఇంకో నాలుగుసార్లు నొక్కుతాడు. రద్దీ రద్దీని పెంచుతుంది. పెద్ద బ్రోకర్ల సిస్టమ్ సామర్థ్యం గరిష్ఠ రద్దీకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. వినడానికి బాగానే ఉంది. కానీ గరిష్ఠం అంటే నిన్నటిదాకా చూసిన గరిష్ఠం. ఎన్నికల ఫలితాల రోజు నిన్నటి లెక్క వినదు.

ఆపితే బ్రోకర్‌కు లాభమేమిటన్నది అసలు ప్రశ్న. మీరు నొక్కిన ఆర్డర్ బ్రోకర్ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ డబ్బుందా, మార్జిన్ సరిపోతుందా అని చూసి ఎక్స్ఛేంజ్‌కు, అంటే ఎన్‌ఎస్‌ఈకో బీఎస్‌ఈకో పంపుతారు. మీ షేరు కొనేది బ్రోకర్ కాదు, ఎక్కడో ఉన్న ఇంకో మనిషి. ఆర్డర్ మీద రుసుముతో బతికే బ్రోకర్‌కు ఆర్డర్లు ఆగితే ఆదాయమే ఆగుతుంది. డబ్బా ట్రేడింగ్ వేరు. అక్కడ మీ ఆర్డర్ ఎక్స్ఛేంజ్ గడప తొక్కదు. మీరు పోగొట్టుకున్నదే ఆ డబ్బా నడిపేవాడి లాభం. అలాంటి చోట స్క్రీన్ ఆగితే మాస్టారి అనుమానానికి నా ఓటు కూడా వేస్తాను. రిజిస్ట్రేషన్ లేని యాప్‌లో ఎవరో వాట్సాప్ గ్రూపులో చేర్పించి ఆడిస్తుంటే, ముందు ఆ డబ్బు వెనక్కి వస్తుందేమో చూసుకోండి.

ఒక్కోసారి బ్రోకర్ కాదు, ఎక్స్ఛేంజే ఆగుతుంది. 2021 ఫిబ్రవరి 24 బుధవారం, మర్నాడు ఫ్యూచర్లు, ఆప్షన్ల నెలవారీ ఎక్స్‌పైరీ. ఉదయం 11.40కి ఎన్‌ఎస్‌ఈలో ట్రేడింగ్ మొత్తం నిలిచిపోయింది. బీఎస్‌ఈ నడుస్తూనే ఉంది. మార్కెట్ ముగిసేది 3.30కి. మళ్లీ తెరుస్తారా లేదా అన్నది గంటల తరబడి ఎవరికీ తెలియలేదు. ఇంట్రాడే పొజిషన్లు రాత్రికి మోయడానికి వీల్లేదు కాబట్టి చాలామంది బ్రోకర్లు వాటిని బీఎస్‌ఈలో దొరికిన ధరకు స్క్వేర్ ఆఫ్ చేసేశారు. తీరా మూడుంబావు దాటాక, సాయంత్రం 5 దాకా ట్రేడింగ్ ఉంటుందన్నారు. 3.45కి మళ్లీ మొదలైంది. సెన్సెక్స్ ఆ రోజు 1,030 పాయింట్ల లాభంతో ముగిసింది. పొద్దున కొనుక్కుని, మధ్యలో తమ ప్రమేయం లేకుండా షేర్లు అమ్ముడైపోయినవాళ్ల కడుపుమంట మీరే ఊహించుకోండి.

కారణం వింటే బెంగళూరు వాళ్లకు నవ్వొస్తుంది. రెండు టెలికాం సంస్థల లింకులు ఒకేసారి దెబ్బతిన్నాయి, దారిలో రోడ్డు తవ్వకాలు జరుగుతున్నాయి అన్నారు. ఆ దెబ్బకు డేటా నిల్వ చేసే వ్యవస్థ స్పందించడం మానేసింది. దాంతో ఎవరి దగ్గర ఎంత మార్జిన్ ఉందో క్షణక్షణం చూసే రిస్క్ లెక్క పడిపోయింది. ఆ లెక్క లేకుండా ట్రేడింగ్ నడపడం ప్రమాదం కాబట్టి ఆపారు. నమ్మదగిన కారణమే. ఇంతటి ఎక్స్ఛేంజ్‌కు ఇంకో చోట ప్రత్యామ్నాయ కేంద్రం ఉండి కూడా దానికి ఎందుకు మారలేదన్న ప్రశ్న మిగిలింది. నెల తిరక్కుండానే సెబీ గడువులు పెట్టింది: గండం వచ్చిన 30 నిమిషాల్లో దాన్ని విపత్తుగా ప్రకటించాలి, ఆపై 45 నిమిషాల్లో పని మొదలుకావాలి. 2023లో ఎన్‌ఎస్‌ఈ, దాని క్లియరింగ్ సంస్థ కలిసి 72 కోట్లకు పైగా చెల్లించి సెబీతో ఈ వ్యవహారం పరిష్కరించుకున్నాయి.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. వివరమైన కారణం ఎన్‌ఎస్‌ఈ బయటపెట్టింది మార్చి 22న, దాదాపు నెల తర్వాత. ఎన్‌ఎస్‌ఈ ఆగడానికి దాదాపు ఐదు నెలల ముందు, 2020 అక్టోబర్ 1న, టోక్యో ఎక్స్ఛేంజ్ ఒక పరికరం చెడిపోయి రోజంతా మూతపడింది. అదే రోజు సాయంత్రం పెద్దలు విలేకరుల ముందు కూర్చుని, ఏది చెడింది, దాని బదులు పనిచేయాల్సింది ఎందుకు చేయలేదో విడమరిచి చెప్పారు. నవంబర్ చివర ఆ ఎక్స్ఛేంజ్ అధ్యక్షుడు రాజీనామా చేశారు. మన దగ్గర ఆ నెల రోజుల ఖాళీని వాట్సాప్ నింపింది. మా బెంచీ మీద మాకిచ్చిన స్క్రిప్టు కూడా ఒక్క ముక్కే: "టెక్నికల్ టీమ్ చూస్తోంది సార్." దాచామని కాదు, మాకూ అంతకుమించి ఎవరూ చెప్పేవారు కాదు.

మరి మార్కెట్‌లో మోసమే లేదా అంటే, అనుమానాలకు కొదవ లేదు. కాకపోతే వాటికి స్క్రీన్ ఆగనక్కర్లేదు, నడవాలి. ఎన్‌ఎస్‌ఈ కో-లొకేషన్ వ్యవహారం చూడండి. ఫీజు కట్టిన బ్రోకర్లు తమ సర్వర్లను ఎక్స్ఛేంజ్ ఆవరణలోనే పెట్టుకునేవారు. అప్పటి పద్ధతిలో ధరల సమాచారం ముందు కనెక్టయినవాడికి ముందు వెళ్లేది, పెళ్లి బంతిలో మొదటి ఆకుకు వేడివేడిగా, చివరి ఆకుకు చల్లారి వడ్డించినట్టు. సెకనులో చిన్న ముక్క తేడా. కంప్యూటర్‌తో ఆర్డర్లు వేసేవాడికి అదే కోట్లు. 2015లో ఒక అజ్ఞాత లేఖతో ఇది బయటికొచ్చింది. 2019లో సెబీ ఎన్‌ఎస్‌ఈని 624.89 కోట్లు వడ్డీతో కట్టమంది. 2023 జనవరిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ మొత్తాన్ని కొట్టేసి, జాగ్రత్త లోపించినందుకు 100 కోట్లు చాలంది. 2024 సెప్టెంబరులో, కుమ్మక్కుకు తగిన ఆధారాల్లేవని సెబీయే అభియోగాలు వదిలేసింది.

జేన్ స్ట్రీట్ సంగతి ఇంకా తేలలేదు. 2025 జూలై 3న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ప్రకారం, 2024 జనవరి 17 ఉదయం ఆ అమెరికా సంస్థ బ్యాంక్ నిఫ్టీ షేర్లు, ఫ్యూచర్లు కలిపి 4,370 కోట్లకు కొని సూచీని నిలబెట్టింది, అదే సమయంలో సూచీ పడితే లాభమొచ్చేలా ఆప్షన్లలో అంతకు ఎన్నో రెట్లు పందెం కాసింది, ఆపై కొన్నవి అమ్మేసింది. ఆ ఒక్క రోజే ఆప్షన్లలో 734.93 కోట్లు లాభమన్నది సెబీ లెక్క. మొత్తంగా 4,843.57 కోట్లు జప్తు చేయమంది. అది మామూలు ఆర్బిట్రేజే అంటూ సంస్థ ఆరోపణలను తోసిపుచ్చి ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఎవరి మాట నిలుస్తుందో గానీ, ఆ రోజు ఎక్స్ఛేంజ్ ఆగలేదు. మాస్టారు నాకు ఫోన్ చేయాల్సిన పనే లేని రోజది.

బ్రోకర్ సిస్టమ్ 5 నిమిషాలకు మించి చెడితే గంటలో ఎక్స్ఛేంజ్‌కు చెప్పాలి, 14 రోజుల్లో మూలకారణ నివేదిక ఇవ్వాలి, ఎక్స్ఛేంజ్ దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి అని సెబీ 2022 సర్క్యులర్‌లోనే రాసింది. నంద్యాలలో ఎవరు చదువుతారు దాన్ని, ఏ భాషలో? ఆ నివేదికను నష్టపోయిన ప్రతి ఖాతాదారుకూ తన భాషలో పంపాలని నిబంధన వస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. మిగతా సగం న్యాయమైనవే అయి ఉంటాయి.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నవి చేయండి. యాప్ ఆగిన క్షణంలో టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్రోకర్ కాల్ అండ్ ట్రేడ్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసి ఉంచండి. బ్రోకర్ సిస్టమ్ పూర్తిగా పడిపోతే, ఉన్న పొజిషన్లు ముగించడానికి, పెండింగ్ ఆర్డర్లు రద్దు చేసుకోవడానికి 2023 అక్టోబర్ నుంచి ఐఆర్‌ఆర్‌ఏ అనే ఏర్పాటు ఉంది. దాని లింకు ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో వస్తుంది. కొత్తగా కొనడానికి అది పనికిరాదు. నష్టం జరిగితే ఫోన్‌లో మాలాంటివాళ్ల మీద అరిచి ఊరుకోకండి. బ్రోకర్‌కు రాతపూర్వకంగా రాసి కారణం అడగండి. జవాబు నచ్చకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. 21 రోజుల్లో సంస్థ సమాధానం చెప్పుకోవాలి, ఫిర్యాదుకు ఫీజు లేదు.